కిటికీ గుట్ట

పైసందూ ఊళ్లో, నది ఒడ్డు ఉన్ని మిల్లులో
జూలై చలి.
పొగమంచు రేకుల కప్పు పట్టుకుని బొట్లు బొట్లుగా కారుతోంది.
మైతేనా తెర మీద
నాలుగు వేల రెండు వందల గొర్రెలు
చుక్కలై నిలబడ్డాయి.
పోగు సన్నం, పొడవు, మెలిక, తెలుపు:
తలకి నాలుగు అంకెలు.
పేరు ఒక్కదానికీ లేదు.

"దీనికి ఎవరు నేర్పారు?"
ఎవులోహియో అడిగాడు,
నలభై ఒక్క ఏళ్లు ఉన్ని ఏరిన చేతులు
జేబుల్లోంచి తీయకుండానే.
"ఎవరూ నేర్పలేదు."
ఏకలవ్యుడికి మట్టిబొమ్మయినా ఉంది.
దీనికి అదీ లేదు.

"ఎన్ని గుట్టలు చేస్తుంది?"
"అది మాత్రం నేనే చెప్పాలి. ఆరు అన్నాను.
మీ బల్ల కింద ఆరు గంపలున్నాయని."
ముసలాయన పగలబడి నవ్వాడు.
"ఏడోది విరిగిందమ్మాయ్!
వరదొచ్చిన ఏడు. ఎవడూ బాగుచేయలేదు."

మీట నొక్కింది.
ఆరు మేకులు గుడ్డిగా దిగాయి.
ప్రతి చుక్కా దగ్గరి మేకు పంచన చేరింది.
మేకు తనవాళ్ల నడిమికి జరిగింది.
అది జరగ్గానే అంచున ఉన్నవాళ్లు గోడ దూకారు.
మళ్లీ జరిగింది, మళ్లీ దూకారు.
పదిహేడో సారికి
ఎవరూ కదల్లేదు.

ఎవులోహియో కళ్లద్దాలు తుడుచుకుని
మేకు మీద వేలు పెట్టాడు.
"ఈ గొర్రె ఏది?"
"అక్కడ గొర్రె లేదు. సగటు, అంతే."
"ఓహో," అన్నాడు,
"మా మేనేజరు ఎప్పుడూ అడిగేది దీన్నే."

మధ్యాహ్నం ఇంకో పద్ధతి.
ఈసారి మేకుల్లేవు, గంపల లెక్క లేదు.
ప్రతి చుక్కా చెయ్యి చాపి
అందినంతలో పొరుగుని తడుముకుంటుంది.
అయిదుగురు తగిలితే ఊరు.
ఊరి చివర చెయ్యి ఇంకో చేతికి తగిలితే
ఊరు పాములా సాగుతుంది.
ఎవరికీ అందని పందొమ్మిది చుక్కలు
బూడిదరంగులో మిగిలాయి.
వాటి ఎదురుగా ఒకటే గుర్తు: మైనస్ ఒకటి.

"అంటే?"
"రొద. లెక్కలోకి రానివి."

ఆయన ఏం మాట్లాడలేదు.
గోదాములోకి వెళ్లి
మూడు వేల నూట ఇరవై ఏడో సంచి విప్పి
గుప్పెడు ఉన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"పొయ్యి పొగ.
తల్లి చచ్చిన పిల్ల ఇది. ఎవరో వంటింట్లో
సీసాపాలు పట్టి పెంచారు.
ఇలాంటివి మేం కిటికీలో పెట్టేవాళ్లం.
గంప కాదు, గ్రేడు కాదు,
కిటికీ అనేవాళ్లం, అంతే.
ఏడాదికో గుప్పెడు.
పదేళ్లకి టోపీ అయింది."

అప్పుడు చూసింది మైతేనా
పొద్దుటి నుంచీ ఆయన తల మీద ఉన్నదాన్ని.
ఒక వరస మాసిన తేనె, ఒక వరస తుప్పు,
చెవి దగ్గర ఎందుకో నీలి నలుపు.
ఏ వరసా పక్క వరసతో మాట్లాడదు.
ఒక్కటీ ఊడిపోలేదు.

ఆయన వెళ్లిపోయాక
పట్టికకి అయిదో గడి కలిపింది.
పైన 'వాసన' అని కొట్టింది.
కింద,
మొదటి గొర్రె ఎదురుగా
ఏ అంకె వేయాలో తెలియక
చేతిలో గుప్పెడు ఉన్నితో
చాలాసేపు
అలాగే కూర్చుంది.