ఎండల వైపర్లు

మొదటిసారి ఆగింది ధర్మారం గేటు కాడ.
రైలు పోయింది, గేటు లేచింది,
ఎనక లారీలన్నీ మొత్తుకుంటున్నయ్,
నా బండి మాత్రం మూగనోము పట్టింది.

లీజు కారు.
ముప్పై ఆరు నెలల కాయితం మీద
పదకొండు చోట్ల సంతకం పెట్టిన.
చదివిన్నా అంటే, పేరొక్కటి చదివిన:
సాంబమూర్తిల దీర్ఘం పోయింది, దిద్దిచ్చుకున్న.

రెండోసారి బ్యాటరీ అన్నరు.
మూడోసారి సుతం బ్యాటరీయేనట, ఆ కొత్తదే.
నాలుగోసారి ఊరుగొండ దాటినంక
రోళ్లు పగిలే రోహిణి ఎండల
వైపర్లు వాటంతటవే ఊగుడు సురువు చేసినయ్.
సుక్క వాన లేదు.
ఎండిన అద్దాన్ని కీసు కీసుమని
తుడుస్తనే ఉన్నయ్, తుడుస్తనే ఉన్నయ్.
ఎనక సీట్ల డయాలసిస్‌కు పోయే సారక్క
కొంగుముడి ఇప్పుకుంట అడిగింది:
"బిడ్డా, దీనికి వాన కల వడ్డదా?"

నవ్విన. ఆ రోజైతే నవ్విన.

ఐదోసారి ఫోన్ల ఒక ఆడపిల్ల గొంతు:
"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం."
చింతిస్తె చింతకాయలన్న రాల్తయా తల్లీ?
బండి షెడ్డుల ఉన్న దినాలకు సుతం
కిరాయి నడుస్తదట.
బండి నడవకున్నా నడిచేది అదొక్కటే.

షెడ్డు మూలకు స్టూలు నాకు ఖాయమైంది.
చాయ్ పోరడు అడగకుండనే గ్లాసు పెడుతడు.
ఇంటికాడ సుగుణ ఏమనదు,
పప్పు గిన్నె నా ముందర పెట్టి
గంటెతోని అడుగుదాంక తిప్పి చూపిస్తది.

ఏడోసారి యాకూబ్ పాషాకు కోపమొచ్చింది.
బండి మీద కాదు, తన చేతుల మీద.
"ఇరవై రెండేండ్లాయె పానా పట్టవట్టి,
ఇది నన్ను ఎక్కిరిస్తాంది" అని
సీట్లు ఊడబీకిండు, కింది పట్టా లేపిండు,
వైర్ల కట్ట ఇప్పి గోటితోని గీకిండు.
రాలింది.
సన్నగ, బూడిద రంగుల, ముఖానికి రాసే పౌడరు లెక్క.
దాంతోపాటు ఒక గుర్రపుడెక్క ఆకు,
ఎండి, ఈనెలే మిగిలి.

పాషా ఏం మాట్లాడలే. నేనూ మాట్లాడలే.
ఆ మట్టి నాకు ఎరుకే.
నాలా పొంగిన రాత్రి మా ఇంట్ల
బియ్యం డబ్బాల, సుగుణ పెండ్లి చీరె మడతల్ల,
పోరి లెక్కల పుస్తకంల, అదే మట్టి.
గోడ మీద నా రొమ్మెత్తున గీత
మూడుసార్లు సున్నం ఏసినా బయటికొస్తది.

అంటే ఇది సుతం ఆ రాత్రి
ఎక్కడో ఒక సెల్లారుల, అద్దాలు మూసుకొని,
కండ్లదాంక నీళ్లల నిలవడ్డది.
ఆ తర్వాత ఎవరో కడిగిండ్రు, రంగేసిండ్రు,
లోపట మల్లెపూల సెంటు కొట్టిండ్రు,
నా చేతిల తాళం పెట్టిండ్రు.

నన్నైతే ఎవరూ కడగలే.

మట్టిని మందుల చీటీల పొట్లం కట్టుకొని
నక్కలగుట్ట ఆఫీసుకు పోయిన.
టేబులు అద్దం మీద ఇప్పిన.
సారు లేచి ఫ్యాను బందు చేసిండు, ఎగరకుండ.
చానసేపు చూసిండు. చూసి,
"ఇది అగ్రిమెంట్ల లేదు కదా" అన్నడు.
లేదు సార్, వైర్లల్ల ఉన్నది.
పైకి రాస్తనన్నడు. పది రోజులన్నడు.
పొట్లం మల్ల మడిచి నాకే ఇచ్చిండు,
మడత మాత్రం మంచిగ ఏసిండు.

వాపసొస్తుంటె, హంటర్ రోడ్డు మీద,
మబ్బు లేదు, తుంపర లేదు,
మొదలువెట్టినయ్ వైపర్లు.
ఈసారి స్విచ్చు మీద చెయ్యి వెయ్యలే.
బండిని పక్కకు ఆపి
అద్దం దించి నాలా దిక్కు చూసిన.
"కిందనే ఉన్నయ్ తియ్" అన్న, దానితోని.