మిగిలిన వాషరు

మూడు సీజన్లు తోతాపురి బుట్టలు మోసి
మా ఇండికా వెనక్కి కూలబడింది.
కోయంబత్తూరు నించి స్ప్రింగులొచ్చినాయి,
అరవ పేపర్లో చుట్టుకోని.
సగం చిరిగిన పెండ్లికొడుకు బొమ్మకి
మెడదాకా గ్రీజు.

గ్రీమ్స్‌పేట సందులో జాకీ ఎత్తి
పాతది ఊడదీసినా.
కొత్తదాన్ని అణచాల.
చెరోపక్క కొక్కెం, చెరో స్పానరు.
"సమంగా తిప్పండి,
ఒగరు ముందుపోతే ఎగిరి మూతి పగులతాది"
జిలానీ ఫోన్లో చెప్పినాడు.

నాకూ దేవసేనకూ రెండు దినాలుగా మాటల్లేవు.
ఒగటి, అన్నా.
ఒగటి, అనింది.
రెండు.
రెండు.
చుట్టలు దగ్గరికొస్తా కిర్రుమంటా ఉంటే
ఊపిరి కూడా సమంగానే బిగబట్టినాం.

"పేలతాదా న్నా?" పక్కింటి పిలకాయ
తల దూర్చినాడు.
"పో అవతలికి!"
ఇద్దరం ఒగేసారి.

పొద్దుగూకినాక జాకీ దించితే
బండి జానెడు లేచి నిలబడింది,
ఎవురిదో బండి మాదిరి.
దేవసేన డిక్కీ మీద కూర్చోని
రెండుసార్లు ఊగి చూసి
"గట్టిగానే ఉందిలే" అనింది.
బండిని గురించే అనుకుంటా.

చాప దులిపితే ఒక వాషరు రాలింది.
ఎక్కడిదో
ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు.
టార్చి పట్టుకోని మళ్ళీ కిందికి దూరినాం.