నాలుగు గీతల బండి

కొరియరోళ్ళు దుకాణం బందు వెట్టినంక
ఉప్పల్‌ల ఒక గోదాంల దుమ్ము వట్టి పడున్న బండి.
ముందట పచ్చపెట్టె, దాని మీద సగం గీకిన కంపెనీ పేరు.
హ్యాండిలుకు ఎవలో పిలగాడు కట్టుకున్న ఎర్రదారం
ఇంకట్లనే ఉంది, ఇప్పలే నేను.
సంఘం లోను ముప్పై వేలు వెట్టి
డీసీఎంల ఏసుకొని నల్లగొండ తెచ్చిన.

అప్పటిదాక ఈ ఊరు సాపుగ ఉంటదనుకున్న.
గడియారం కాడికెల్లి రామగిరి దాక
నడిచినన్నేండ్లు కాళ్ళు ఎన్నడు చెప్పలే.
మీటరు మీది నాలుగు గీతలు చెప్పినయి.
లతీఫ్ సాబ్ గుట్ట దిక్కు పొయ్యే గల్లీలల్ల
కంటికి కనవడకుంట నేల లేస్తది,
ఆరు నీళ్ళక్యాన్లతోటి పోతే ఒక గీత గుంజుకుంటది.
చేతిల గీతలు సూసి చెప్పేటోళ్ళను నమ్మ నేను.
ఈ గీతలు అబద్దమాడవు.
ఆడతయి, చలికాలం పొద్దుగాల.

మౌలాలన్న షాపు దేవరకొండ రోడ్డు మీద.
"చెల్లె సువార్తా, బరువుబండికి గాలే సగం బ్యాటరీ" అంటడు,
బొటనేలుతోని టైరు వత్తి సూస్తడు, డాక్టరు కడుపు వత్తినట్టు.
నెలకు రెండు పుల్లలు తెగేటియి వెనక చక్రానికి.
సైకిలు పుల్లలు పీకి పారేసి
పాత లూనా పుల్లలు కోసి, మరలు దీసి ఏసిండు.
ఆనాటి సంది తెగలే.
బ్రేకు లైనర్లను మాత్రం బటాన్ల లెక్క నములుతది.

అప్పటి బ్యాటరీలు నాలుగు, మూతలిప్పి నీళ్ళు పోసే రకం.
ఒకనాడు అండ్ల నీళ్ళు తక్కువైనయని
షాపు పక్క బోరింగు కొట్టి చెంబు నింపిన.
మౌలాలన్న ఉరికొచ్చి చెయ్యి అడ్డం వెట్టిండు.
"అది వొద్దు. గా నీళ్ళల్ల ఏమేమో ఉంటయి, ప్లేట్లు తింటయి.
దీనికి డిస్టిల్డ్ వాటరే పొయ్యాలె. సీసా ఇరవై."

చెంబు దింపలే నేను. పారబొయ్యనూ లే.

మర్రిగూడ దిక్కు, గట్లాంటి బోరింగు కిందనే
పెరిగిన పండ్లు నావి. నవ్వితే గోధుమరంగు చారలు.
మా నాయినకు నలభై ఏండ్లకే మెడ తిరగకపాయె,
ఎవలన్న పిలిస్తె మనిషంత తిరిగి సూసేటోడు.
ఆయన చెంబు ముంచినప్పుడు
ఉరికొచ్చి చెయ్యి అడ్డం వెట్టినోడు లేడు.

రెండేండ్లకు ఆ నాలుగూ సచ్చినయి.
చీటీ ఎత్తి లిథియం ఏసుకున్న.
పాతయి నలభై కిలోలు, ఇది పన్నెండు.
తగ్గిన బరువుల ఇంకో క్యాను నిమ్మళంగ వడుతది.
ఆ ఏడో క్యాను ముత్తమ్మవ్వకు ఊకెనే ఇయ్యాలె అనుకున్న.
అనుకొని నాలుగు నెలలు పైసలు తీసుకున్న.
చీటీ కిస్తు ఉంది మరి.

ముత్తమ్మవ్వది ఇరుగని నడుము, వంగిన నడుము.
నిలవడితే ఆమె తల నా పెట్టె అంచు కాడ ఉంటది.
క్యాను దింపుతాంటే ఒకపారి
"బిడ్డా, గీడ ఎంటికంత సన్నగ పగిలింది సూడు" అన్నది.
వంగి సూసిన, మోకాళ్ళ మీద కూసొని సూసిన,
సెల్లు లైటు ఏసి సూస్తెగాని దొరకలే:
పెట్టె కింద, వెల్డింగు అతుకు కాడ.
"గీ ఎత్తుల నాకు గియ్యే కనవడుతయి" అన్నది, మామూలుగ.

మౌలాలన్న పట్టీ ఏసి అతికి రంగు కొట్టిండు.
ఇంకో వారం నడిస్తె రోడ్డు మీద రెండు ముక్కలయ్యేదన్నడు.
ఇనుముకు అతుకుంటది, అన్నడు
ఎందుకో నా మొకం సూడకుంట.

ఆనాటికెల్లి ఏడో క్యానుకు పైసలు లెవ్వు.
ఊకెనే గాదు, అది సర్వీసింగు కూలి.
పొద్దుగాల ఆమె గడప ముందట స్టాండు ఏస్త,
బండి చుట్టు ఒక్క తిరుగుడు తిరుగుతది.

"ఏమున్నదవ్వా ఇయ్యాల?"
"ఎడమ దిక్కు నట్టు.
సగం తిప్పు. ఎక్కువ బిగియ్యకు."