తొట్లకొండ దిగేవాళ్ళు

ఇరవై ఆరేళ్ళు ఈ కేక నాదే.
రుషికొండ దాటి, సముద్రం కుడి కిటికీల్లోకి వచ్చేసరికి
"తొట్లకొండ దిగేవాళ్ళు ముందుకి రావాలి, బేగి, బేగి!"
దిగేవాళ్ళు దిగేవారు.
నేను రైట్ అనేదాన్ని.

నిన్న డిపోలో శాలువా కప్పి
స్టీలు క్యారేజీ ఒకటి చేతిలో పెట్టి
"నూకరత్నం గారు ఇక విశ్రాంతి తీసుకోవాలి" అన్నారు.
ఇవాళ ఆ క్యారేజీలోనే పులిహోర సర్దుకుని
తొమ్మిది వందల కె ఎక్కాను, ప్యాసింజరుగా.
కొత్త కుర్రాడు స్టాపు పేరు గొణిగాడు.
ఎవరికీ వినపడదేమోనని నేనే అరిచాను.
బస్సంతా నవ్వింది.

మాది మంగమారిపేట.
వలలు ఆరేసే ఇసక మీంచి చూస్తే
ఈ కొండ బోర్లించిన గంగాళం.
పైన తవ్వకాలు పెట్టిన ఏడు
మా అమ్మ ఎర్రయ్యమ్మ కూలికి మట్టి తట్టలు మోసింది.
నాకప్పుడు ఏడో నెల, కొండెక్కొద్దన్నారు.
రాత్రిళ్ళు కాళ్ళకి నూనె రాయించుకుంటూ చెప్పేది:
"ఒలే, గదులే. ఒక్కో మనిషికి ఒక్కోటి.
మంచం పడితే మనిషి పట్టడు.
అంత సముద్రం ఎదురుగా ఎట్టుకుని
ఆలు కళ్ళు మూసుకుని కూకునీవోరట!
నీ కాన్పయ్యాక తీసుకెల్తాను."
కాన్పయ్యింది. తవ్వకాలూ అయిపోయాయి.
తర్వాత అమ్మ కూడా.

మలుపులన్నీ నడిచే ఎక్కాను.
మోకాళ్ళు రెండుసార్లు బెల్లు కొట్టాయి, ఆపలేదు.
గేటు దగ్గర అబ్బాయి టిక్కెట్టు చించి ఇస్తే
అలవాటున నంబరు చూసుకున్నాను.

అన్నీ మోకాలెత్తు గోడలు.
పడిపోయిన ఊరిలా లేదు,
పునాదులు తీశాక డబ్బులు అయిపోయినట్టుంది.
ఒక గది ఎంచుకుని
తలుపు లేని గుమ్మంలో చెప్పులు విప్పాను.
ఇందులోంచి తీసిన మట్టి కొంతైనా
అమ్మ నెత్తి మీద దిగి ఉంటుంది.
కూర్చున్నాను.
నిలబడి నిలబడి అరిగిన నడుము
ఇదేంటి కొత్తగా, అని అడిగింది.
కళ్ళు మూసుకుందామనుకున్నాను గానీ
సముద్రం మూసుకోనివ్వలేదు.
ఆ సాధువులు ఎలా మూసుకున్నారో!

రాతిలో తొలిచిన గుంటల్లో వాన నీళ్ళు, నాచు, ఒక కప్ప.
ఇవా తొట్లు?
ఇన్నేళ్ళూ ఉయ్యాల తొట్లు అనుకున్నాను,
కడుపుతో ఉన్నప్పుడు విన్న మాట కదా.

బోర్డు మీద రాసి ఉంది:
ఇక్కడ సీసపు నాణేలు దొరికాయి, రోము వెండివి కూడా.
అక్కడ ఆగిపోయాను. చిల్లర సంగతి నాకు తెలుసు.
ఓడ దిగొచ్చినవాడెవడో పెద్ద బిళ్ళ ఇచ్చి ఉంటాడు,
ఇక్కడివాడు సంచి తడుముకుని
"దిగేటప్పుడు తీసుకోండి" అని ఉంటాడు,
వాడు మరిచిపోయి దిగిపోయి ఉంటాడు.
నా సంచిలో కూడా ఎంతమంది అర్ధరూపాయలో.

భోజనశాల గోడ పక్కన క్యారేజీ విప్పితే
కాపలా మనిషి ఇక్కడ తినకూడదన్నాడు.
"తినే చోటేనని మీరే రాశారు కదా బాబూ" అని
మూతలో వాడికీ ఒక ముద్ద పెట్టాను.

కింద రోడ్డు మీద రెండు గంటల బస్సు
అగ్గిపెట్టెంతై వచ్చి ఆగింది.
ఎవరూ దిగలేదు.
కదలదేం?
ఇక్కడి నుంచే, మెల్లగా,
రైట్ అన్నాను.