గుంట

గొల్లపల్లిలో కరెంటు పోయిన సాయంత్రం
తాత తవిటయ్య పనస దుంగ కడుపు తొలుస్తున్నాడు.
ఉలి చుట్టూ పసుపుపచ్చ పేళ్ళు
చుట్లు చుట్లుగా రాలుతున్నాయి.

చదివిందే చెప్పాను:
ప్రతి పెద్ద పాలపుంత నడుమా ఒక కృష్ణబిలం.
చుక్కలు ముందో, గుంట ముందో
ఇంకా తేలలేదట.

"గుంట తియ్యకుండా వీణ ఎలగొస్తాదే?"
కాసేపటికి తన మాట తనకే నచ్చలేదు.
"నాను తీసిన గుంటలో ఉన్నది గాలే.
నీ దాంట్లో కోట్ల సూర్యుళ్ళ బరువుందంతన్నావు.
అదేటి పలుకుతాది?"

పలకదు తాతా, మింగుతుంది.
మింగలేక ఎగజిమ్మిన గాలికి
ఎక్కడో పుట్టాల్సిన చుక్కలు
పుట్టకుండా పోతాయి.

ఉలి ఆగింది.
గోటితో చెక్క మీద కొట్టి విన్నాడు.
ఇంకో నూలుపోగంత తియ్యాలట.
కిందటేడు ఆ నూలుపోగు దాటి
పగిలిన వీణ అటక మీదుంది,
దాని ఊసెత్తడు.

"ఓలే గుంటా, లైటు ఇలా పట్టు."

ఫోను వెలుగు దుంగలోకి వంచాను.
ఎంత లోతుకు పోయిందో
తిరిగొచ్చిందో లేదో
ఇద్దరం చూడలేదు.

అమ్మ మాత్రం చీపురుతో గుమ్మంలో నిలబడింది,
ఆ పసుపు చుట్లన్నీ
ఎప్పుడు ఊడవనిస్తారా అని.