పొట్లం కాగితం

నీకు మొదట చదివింది
నీ మణికట్టుకి కట్టిన ప్లాస్టిక్ పట్టీ.
"బేబీ ఆఫ్ నూకరత్నం. ఆడ. కేజీ నాలుగొందలు."
అంతే. దానికే నా గొంతు ఎండిపోయింది.

కేజీహెచ్ గాజుపెట్టెలో నువ్వు
ఓ మాదిరి వంజరం కన్నా తేలిక.
హార్బర్లో తూకాలేసే చేతులు నావి,
చూపుతోనే చెప్పేస్తాయి.
ఆ రోజు చెప్పకుండా ఉంటే బాగుణ్ణనుకున్నాను.

నైట్ డ్యూటీ నర్సు గ్లోరీ మేడం అంది:
"అలా గుటకలు మింగుతా నిలబడ్డావేటి?
ఏదోటి చదువు. నీ గొంతు తెలవాలి దానికి."
"ఇంత గుంటకి ఏటర్థమవుద్ది మేడం?"
"పాలు అర్థమయ్యే తాగతందా?"

జేబులో ఉన్నది ఒక్కటే:
బీచ్ రోడ్డులో తిన్న ముంత మసాలా పొట్లం,
నూనెకి అద్దంలా అయిపోయిన
ఏదో ఆదివారం కాగితం ముక్క.

ఏడో తరగతిలో మానేశాను నేను.
వత్తు దగ్గర ఆగితే వేళ్ళ కణుపుల మీద
డస్టరు చెక్క పడేది.
ఆ తర్వాత నాకు అక్షరాలంటే
బోటు నంబర్లు, ఐసు బిల్లులు,
వేలిముద్ర వద్దని మొండికేసి పెట్టిన సంతకం.

ఇరవయ్యేళ్ళకి మళ్ళీ
మాస్కు వెనక నుంచి, గాజు మీదకి వంగి:
"ఒక తా... తాబేలు. దానికి
స... సముద్రం అంటే భయం."

సముద్రం దగ్గరే తడబడ్డాను.
రోజూ దాని ఉప్పు తినేవాణ్ణి,
రాతలో ఎదురుపడితే గుర్తుపట్టలేకపోయాను.

నువ్వు నవ్వలేదు. డస్టరు తియ్యలేదు.
నీ కాలి బొటనవేలు మాత్రం
నత్త కొమ్ములా కొంచెం బయటికొచ్చి
ఆగింది.
నిజమో నా ఆశో,
గ్లోరీ మేడాన్ని అడగలేదు.
కాదంటుందేమోనని.

"అప్పుడా తాబేలు అల వైపు చూసి"
దగ్గర కాగితం చిరిగిపోయింది.
ఆపైన పల్లీ పొట్టు, కారం మరక.
మిగతా కథ రాత్రికొకటి నేనే కట్టాను.
ఒక రాత్రి తాబేలు పోర్టు గూడ్సు బండెక్కింది.
ఒక రాత్రి డాల్ఫిన్ కొండ మీద
లైటుహౌసు అద్దాలు తుడిచే పనికి కుదిరింది,
జీతం కుదరక గొడవపడింది.
పక్క పెట్టె బాబు తల్లిది ముంచంగిపుట్టు,
తెలుగు అంతంతమాత్రం.
నాలుగో రోజు మెల్లగా అంది:
"కొంచెం గట్టిగా సదువన్నా. మావోడూ ఇంతాడు."

ముప్పై ఆరు రోజులు.
తాబేలు ఇంకా నీళ్ళలో దిగలేదు.
నువ్వు రెండు కేజీలు దాటావు.

పెదజాలరిపేట వచ్చాక
చదవనిదంటూ లేదు.
టీకాల కార్డు, గ్యాసు రసీదు, దగ్గు మందు సీసా,
వాయుగుండం రోజున ఫోనుకొచ్చిన మెసేజి:
"మూడో నంబరు ప్రమాద సూచిక.
మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు"
అని సాగదీసి సాగదీసి చదివితే
నువ్వు నోరు తెరుచుకుని నిద్రపోయావు.
సముద్రం మాత్రం తెల్లార్లూ పోలేదు.
మీ అమ్మ చీకట్లో అంది:
"ఇంట్లో ఇన్ని మాటలున్నాయని
నాకిన్నాళ్ళూ సెప్పలేదేం?"

పూర్ణా మార్కెట్ బయట కొన్న బొమ్మల పుస్తకంలో
ఏనుగు చెవి నువ్వు తినేశావు.
ఫరవాలేదు. ఏనుగు ఎలాగూ వింటోంది.

మొన్న కిటికీలోంచి ఎదురింటి టీవీ అరుస్తుంటే
నువ్వటు తిరగలేదు.
నేను గుమ్మంలో చెప్పులు విప్పుతూ
ఎవరితోనో "ఐసెంత?" అన్నాను.
గిరుక్కున తిరిగావు.

ఇవాళ కరెంటు బిల్లు లాక్కుని
తలకిందులుగా పట్టుకుని,
కనుబొమలు ముడిచి,
అచ్చం నాలాగే ఆగి ఆగి
"బ్బ... బ... తా..." అని చదివావు.

తాత అంటోందని మీ అమ్మ.
నాకు తెలుసు అదేమిటో.

యూనిట్లు తప్పు, తేదీ తప్పు, అక్షరాలన్నీ తప్పు.
మధ్యలో ఆగి నా మొహంలోకి చూశావు.
"ఊఁ, తర్వాత?" అన్నాను.