కనికట్టు లెక్క

కైరోలో అబ్దుల్ అజీజ్ వీధి,
మెట్ల కింద మూడడుగుల కొట్టు.
పగిలిన అద్దాలు ఊడదీసి కొత్తవి అతికించడం వగ్దీ పని.
బల్ల మీద ఆవగింజలంత స్క్రూలు,
తుమ్మొస్తే బయటికి పరిగెత్తాలి.
నేను స్టూలు మీద కూచున్నాను,
నా ఫోను ఛార్జింగ్ రంధ్రంలో దుమ్ము తీయించుకోడానికి.

ఇన్షిరాహ్ వచ్చింది.
గలాబియాలు కుట్టే మనిషి, పైసా ఊరికే జారనివ్వదు.
కొత్త ఫోను బల్ల మీద పెట్టి
"నూట ఇరవై అన్నావు.
అరవై దానికన్నా రెండు వేల పౌండ్లు ఎక్కువ లాగావు.
ఏదీ, ఆ నూట ఇరవైని నాకు చూపించు" అంది.

వగ్దీ బొటనవేలితో తెరని పైకి తోశాడు.
అక్షరాలన్నీ జారాయి, నూనె రాసినట్టు.
పాతదాన్ని తోశాడు. అవీ జారాయి,
కాస్త తడబడ్డాయేమో, మెట్ల మీద గోలీలా.
"నాకు రెండూ ఒకటే."

ఎదురు హోటల్లో కుర్రాడు
హుక్కా బొగ్గుల బుట్ట గిరగిరా తిప్పుతున్నాడు.
వగ్దీ అటు చూపించాడు.
"ఆ ఎర్రటి చక్రం ఉందా?
లేదు. ఉన్నవి బొగ్గులు.
తెరా అంతే, అందులో ఏదీ కదలదు.
ఒక బొమ్మ నిలబడుతుంది, తప్పుకుంటుంది,
దాని చోట ఇంకోటి, వెంట్రుకవాసి పక్కకి.
ఇందులో సెకనుకి అరవై, అందులో నూట ఇరవై.
నువ్వు చెయ్యి ఆపితే కొన్ని ఫోన్లు వాటంతటవే నెమ్మదిస్తాయి,
ఛార్జి దాచుకుంటాయి."

మనం రెప్పపాటు అంటాం, ఏమీ కానంత కాలాన్ని.
లెక్క వేశాను:
ఒక్కసారి రెప్ప వేసి తీసేలోగా
ముప్పై ఆరు బొమ్మలు వచ్చి, ఎవరూ చూడకుండా పోయాయి.

ఇన్షిరాహ్ కాసేపు మాట్లాడలేదు.
తర్వాత, తనలో తను అన్నట్టు,
"అంగుళానికి ఆరు కుట్లు, నిలువు కుట్టుకి చాలు.
మెడ వంపు దగ్గర చాలవు.
బట్ట మూలలు తిరుగుతుంది."
"అదే! వేగంగా తిరిగేదంతా మెడ వంపే" అన్నాడు వగ్దీ.
"కానీ నేను చూసేది వంటలు. వంటకి మెడ ఎక్కడిది?"

ఇద్దరిదీ ఇంబాబాలో ఒకటే సందు.
సాయంత్రం మేడ మీదికి రమ్మన్నాడు.
నేనూ వెళ్ళాను, పనేముంది.
పలకలతో కట్టిన పావురాల గూడు, గాలికి కిర్రుమంటోంది,
దూరంగా నది, ఇత్తడి పళ్ళెంలా.

ఒక ఆడ పావురాన్ని వీడియో తీసి ఉంచాడట.
పాత ఫోను గోడకి ఆనించాడు.
బాషా అనే మగ పావురం వచ్చింది,
ఒక కంటితో చూసింది, మూల పొడిచింది,
ఎటో చూస్తూ వెళ్ళిపోయింది.
"మన కన్ను మోసపోయే చోట దాని కన్ను మోసపోదు.
దానికి ఇది ఆరిపోయే ముందు కొట్టుకునే దీపం."

కొత్త ఫోను పెట్టాడు. అదే వీడియో.
బాషా ఆగింది.
మెడ ఉబ్బింది, ఆకుపచ్చ, ఊదా.
వంగింది, గుండ్రంగా తిరిగింది, గొంతులోంచి
మరిగే నీళ్ళలాంటి చప్పుడు.

ఇన్షిరాహ్ పడి పడి నవ్వింది.
"అయితే రెండు వేలూ నేను పావురానికి ఖర్చుపెట్టానన్నమాట!"
అక్కడే సెట్టింగుల్లోకి వెళ్ళి అరవైకి దించేసింది.
"బ్యాటరీ అయినా మిగుల్తుంది."

బొటనవేలితో తెర తోసింది.
ఆగింది.
మళ్ళీ తోసింది.
ఎక్కేటప్పుడు తెలియని మెట్టు
దిగేటప్పుడు కాలికి తగిలినట్టుంది.
ఏమీ అనకుండా తిరిగి నూట ఇరవై చేసింది,
మేం చూడలేదనుకుని.

బాషా మాత్రం ఆడదాన్ని వెతుక్కుంటూ
ఫోను వెనక్కి నడిచింది.
అక్కడ వగ్దీ చెయ్యి ఉంది,
గోళ్ళ నిండా జిగురుతో.
దాన్నే చాలాసేపు చూసింది.